మడతచాకు వయస్సు

మా తాతగారు కరణీకము చేసిన దినములలో వారి జేబున నొక మడతచాకు సదా యుండెడిది. కలము చెక్కుటకును, కవిలెకట్ట త్రాడు కోయుటకును, మధ్యాహ్నము మామిడికాయ తరుగుటకును అదియే సాధనము. వారు గతించిన పిమ్మట అది నా చేతికి వచ్చినది. అలుగుపై త్రుప్పు చూచి, బాల్యచాపల్యముచే, ఇటుకపొడితో తళతళలాడునట్లు తోమితిని. ఆనాడు నేను తోమివైచినది త్రుప్పు మాత్రమే కాదని తెలియుటకు ముప్పదియేండ్లు పట్టినది.

చాకు వయస్సు అలుగు మొదట, అనగా అది పిడిలోనికి చొచ్చు తావున, తెలియుచుండును. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణపు పనివారు తమతమ ముద్రల నచ్చట కొట్టెడివారు. అట్టి ముద్రల నొసగు కత్తులవారి సంఘము 1624లో శాసనమూలమున నేర్పడినది. మన దేశమున మిక్కిలి పేరుగన్న రాడ్జర్సువారి చాకుపై నక్షత్రమును, శిలువయు నుండును. ఆ ముద్ర 1682లో లభించినది. అంతమాత్రమున మీ చాకు 1682 నాటిదని మురియకుడు! ముద్ర పుట్టిన యేడు వేరు, చాకు పుట్టిన యేడు వేరు. చెంతనే కిరీటముతో వి, ఆర్ అను నక్షరములున్నచో అది విక్టోరియా రాణి కాలమును, అనగా 1837 మొదలు 1901 వరకు గల కాలమును, సూచించును. స్టెయిన్‌లెస్ అను మాట యున్నచో, ఆ యుక్కును హారీ బ్రియర్లీ షెఫీల్డులో సాధించిన 1913నకు తరువాతిదే.

ఇంగ్లండు అను పేరు లేనిచో 1891నకు పూర్వపుదని కొందరు వర్తకులు వెల పెంచెదరు. దిగుమతి సరకుపై దేశనామ ముండవలెనన్నది 1890 నాటి అమెరికా సుంకపు చట్టము. మన యంగళ్లకు వచ్చిన చాకులకు దానితో పనియేమి? పేరు లేకపోవుట యొక్కటే సాక్ష్యము కాజాలదు. పైగా రాడ్జర్సువారి ముద్రకు నకళ్లు పెక్కు.

పిడి సంగతియు వినదగినది. మన యడవులలోని కణుజుల కొమ్ములు ఓడలపై షెఫీల్డునకు పోయి, అచ్చట చాకుపిడులైనవి. సెల్యులాయిడు పిడి మాత్రము చూపునకే యందము. అది పాతబడి చెడునపుడు వెడలు వాయువు ప్రక్కనున్న చాకులకుగూడ త్రుప్పు పట్టించును. దానిని వేరుగా నుంచుడు. తోలుసంచిలో చిరకాలము దాచుటయు తగదు. కీలునకొక నూనెచుక్క, అలుగునకు నూనెగుడ్డ చాలును. ముద్రవైపు ఇటుకపొడిని, ఆకురాతిని రానీయకుడు. జేబులో వేసికొని తిరుగువారు విమానమెక్కునాడు మాత్రము దానిని క్రింది సామానులో పెట్టవలెను; లేనిచో తనిఖీవారిపాలగును.

మొన్న భూతద్దముతో తాతగారి చాకును మరల పరికించితిని. నక్షత్రపు కోణములవంటివి రెండు మిగిలినవి. శిలువ జాడ లేదు. అది రాడ్జర్సువారిదో, అనుకరించినవారిదో ఇక నెవ్వరును చెప్పజాలరు. మామిడికాయ మాత్ర మిప్పటికిని చక్కగా తెగుచున్నది.