బెర్నియర్ చూసిన మొగలు దర్బారు



మొగలుల చరిత్రకు ఆధారాలు అనగానే అక్బర్‌నామా, పాదుషానామా వంటి ఆస్థాన గ్రంథాలు గుర్తుకొస్తాయి. అవి పాదుషా మెప్పు కోసం రాసినవి. ఈరోజు మనం చెప్పుకునే పుస్తకం అలాంటిది కాదు. దాన్ని రాసినవాడు ఫ్రాన్స్వా బెర్నియర్ అనే ఫ్రెంచి వైద్యుడు. 1670లో పారిస్‌లో అచ్చయింది.

షాజహాన్ కొడుకులు సింహాసనం కోసం కొట్లాడుకుంటున్న రోజుల్లో బెర్నియర్ మన దేశానికి వచ్చాడు. కొద్దిరోజులు దారా షికో వెంట ఉన్నాడు. తర్వాత ఔరంగజేబు కొలువులోని దానిష్‌మంద్ ఖాన్ దగ్గర ఉద్యోగంలో చేరాడు. ఆ ఖాన్ గొప్ప చదువరి. శరీరంలో రక్తం ఎలా ప్రవహిస్తుందో హార్వే కనిపెట్టిన సంగతిని బెర్నియర్ చేత చెప్పించుకుని విన్నాడు.

1659లో పట్టుబడిన దారాను ఢిల్లీ వీధుల్లో ఊరేగించారు. బెర్నియర్ బజారు మధ్యలో గుర్రం మీద ఉండి ఆ ఊరేగింపు చూశాడు. బంగారు అంబారీ లేదు. మురికిపట్టిన ముసలి ఏనుగు మీద, ముతక బట్టల్లో దారా, పక్కన అతని కొడుకు. జనం బావురుమన్నారు. అయినా ఒక్కరూ కత్తి దూయలేదంటాడు బెర్నియర్. నా దృష్టిలో పుస్తకం మొత్తానికి బలమైన ఘట్టం ఇదే. ఎందుకంటే ఇది అతను కళ్లారా చూసింది.

అంతఃపురం సంగతి వేరు. వైద్యానికి పిలిచినప్పుడు తల నుంచి పాదాల దాకా కాశ్మీరు శాలువా కప్పి, ఖోజా సేవకుడు గుడ్డివాణ్ణి నడిపించినట్టు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. కాబట్టి లోపలి వైభవమంతా ఇతరులు చెబితే విన్నదే. ఆ మాట తనే ఒప్పుకున్నాడు. దర్బారులో మాత్రం స్వయంగా నిలబడ్డాడు. పాదుషా చిన్నమాట అన్నా పెద్ద పెద్ద ఉమరావులు చేతులు పైకెత్తి "కరామత్, కరామత్" అనడం విని నవ్వుకున్నాడు.

ఇక అసలు చిక్కు ఫ్రాన్సు మంత్రి కోల్బేర్‌కు రాసిన లేఖతో వచ్చింది. హిందూస్థానంలో భూమి అంతా పాదుషాదే, ఎవరికీ సొంత పొలం లేదు, అందుకే రైతు చితికిపోయాడు అన్నాడందులో. జాగీర్దార్లను తరచూ బదిలీ చేయడం, వాళ్లు రైతును పిండడం నిజమే. కానీ అబుల్ ఫజల్ భూమిశిస్తును ప్రజలను కాపాడినందుకు రాజుకు చెల్లించే ప్రతిఫలం అన్నాడు. భూమికి కౌలు అనలేదు. జమీందారీ హక్కులు అమ్ముకున్న ఆనాటి పారశీక దస్తావేజులు కూడా దొరికాయి. మరి బెర్నియర్ అలా ఎందుకు రాశాడు? తన సొంత రాజు అదే దారి పట్టకూడదని హెచ్చరించడం అతని ఉద్దేశం. ఆ లేఖలో భారతదేశం కన్నా ఫ్రాన్సు గురించిన బెంగే ఎక్కువ.

అయినా ఐరోపా ఆ మాట నమ్మింది. 1853లో కార్ల్ మార్క్స్ కూడా బెర్నియర్‌ను చదివి, తూర్పు దేశాలను అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇదేనని ఎంగెల్స్‌కు ఉత్తరం రాశాడు.