ప్రయాణమునకు ముందు బండి పరీక్ష

చైత్రమాసము వచ్చినదనిన ఖమ్మము ప్రాంతపు కుటుంబములలో భద్రాచల ప్రయాణపు మాట మొదలగును. నవమినాటి సీతారాముల కల్యాణము కన్నులార చూడవలెనని పెద్దలకు కోరిక. గోదావరిలో మునుగవలెనని పిల్లలకు తొందర. బియ్యము, పప్పు, పచ్చళ్లు, పక్కబట్టలు, మందులు అన్నియు జ్ఞాపకముంచుకొని సర్దుదుము. వీటినన్నిటిని, మనలనుగూడ మోయవలసిన బండిని మాత్రము బయలుదేరునాటి ఉదయము తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి, ఇక చాలునని తలచుదుము. నిమ్మకాయ పెట్టుట మన ఆచారము, తప్పక పెట్టుదము. కాని అందుకై వంగినప్పుడే చక్రమునుగూడ ఒకసారి పరిశీలించిన ఎంత మేలు!

పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి గల విహార వాహనములు నేడు లోకమంతట తిరుగుచున్నవి. ఇల్లు వెంటబెట్టుకొని పోవుట మనకు మాత్రము క్రొత్తయా? గూడుబండిలో గడ్డి పరచి, పైన జంబుఖానా వేసి, వంటపాత్రలతో తీర్థములకు పోయినవారే మన తాతలు. భద్రాచలమువద్ద గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైనది. అంతకు పూర్వము యాత్రికులు ఇవతలి గట్టున దిగి పడవలపై నది దాటెడివారు. అట్టి ప్రయాణమునకు ముందునాటి సాయంకాలమే బండివాడు చక్రము లూడదీసి, గడ్డిమసి ఆముదముతో కలిపిన కందెనను ఇరుసుకు పూసి, సీల గట్టిగా దిగినదో లేదో కొట్టి చూచెడివాడు. ఎద్దుల డెక్కలు, నాడాలు తడిమెడివాడు. సీల జారిన చక్రమూడునని అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. మోటారు వచ్చిన తరువాత మనము ఆ సాయంకాలపు పనిని మరచితిమి.

మరచినందులకు ఫలమును మేము అనుభవించియున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట పదిమందిమి ఒక అద్దె వ్యానులో తెల్లవారుజామున ఖమ్మమునుండి బయలుదేరితిమి. వైరా, తల్లాడ, కొత్తగూడెము, పాల్వంచ దాటినవి. ఇరువైపుల అడవి వచ్చినచోట వెనుక టైరు పగిలినది. స్టెప్నీ దింపిచూడగా దానిలో గాలి లేదు. నవమి రద్దీలో బండ్లన్నియు నిండి పోవుచుండెను. ఆగినవి రెండే, వాటి చక్రము మా బండికి సరిపోలేదు. ఎండ ముదిరినది. పైకి తీసియుంచిన నీళ్లు అయిపోయినవి. మిగిలిన డబ్బా సామానుల అడుగున చిక్కుకొన్నది. మధుమేహముగల మా అమ్మగారికి కండ్లు తిరుగజొచ్చినవి. ఇప్పపూలు ఏరుకొని వచ్చుచున్న ఒక కోయ తల్లి తన నీళ్లబుర్రను ఆమె చేతికిచ్చి, చెట్టునీడకు నడిపించినది. ఆగిన బండివారొకరు మా స్టెప్నీని పాల్వంచకు కొనిపోయి గాలి పట్టించి తెచ్చిరి. డ్రైవరును నిందించుట సులభము. కాని బయలుదేరుటకు ముందు ఒక్కమాట అడుగనివారము మేమే గదా!

నాటినుండి మేము అనుసరించు క్రమమును మనవి చేయుచున్నాము. పరీక్ష వారము రోజుల ముందే జరుగవలెను. లోపము కనబడినచో బాగుచేయించుటకు వ్యవధి యుండవలెను గదా.

మొదట టైర్లు. ఎంత గాలి ఉండవలెనో సాధారణముగా డ్రైవరు తలుపు చట్రముపై వ్రాసియుండును. టైరు ప్రక్కన అచ్చొత్తిన అంకె గరిష్ఠ పరిమితియే. బండి నడువక, టైరు చల్లగానున్నప్పుడే గాలి కొలువవలెను. కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడులు బాగున్నను రబ్బరుకు ముసలితనము తప్పదు. టైరుపై నాలుగంకెలు వెదకుడు. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. స్టెప్నీని, జాకీని వాకిటిలోనే ఒకసారి వాడి చూడవలెను. అడవిలో నేర్చుకొను విద్య కాదది.

పిదప బ్రేకులు. బ్రేకు ద్రవము కాలక్రమమున గాలిలోని తేమను పీల్చుకొనును. అట్టి ద్రవము వేడెక్కినప్పుడు త్వరగా మరిగి బ్రేకు పట్టు తప్పును. చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దిగువారు దీనిని మరువరాదు. దిగునప్పుడు బ్రేకుపైనే కాలు మోపియుంచక, చిన్న గేరులో దిగవలెను.

ఇంజను ఆయిలు, రేడియేటరు నీరు, దీపములు, తుడుపు కర్రలు, బీమా మొదలగు పత్రములు చూచుటకు అరగంట చాలును. బరువైన సామాను క్రిందను, నీళ్లు, మందులు చేతికందుచోటను ఉండవలెను. గ్యాసు పొయ్యి తీసికొనిపోవువారు గొట్టమునకు సబ్బునీరు రాచి బుడగలు లేచునేమో చూడవలెను. అగ్గిపుల్లతో ఎన్నడును చూడరాదు. ఈ వాయువు గాలికంటె బరువైనందున బండి అడుగున నిలిచిపోవును. బండి నడచునంతసేపు సిలిండరు మూసియే యుండవలెను.

బండితోపాటు దారినిగూడ విచారింపవలెను. వర్షకాలమున గోదావరి నీటిమట్టము తెలిసికొనక కదలరాదు. భద్రాచలమువద్ద 43, 48, 53 అడుగులు మూడు ప్రమాద హెచ్చరికల మట్టములు. 1986లో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పెరిగినది. 2022లో వంతెనపై రాకపోకలనే ఆపవలసి వచ్చినది. వేసవిలో భయము వేరు. రాలిన ఆకులపై ఒక్క నిప్పురవ్వ చాలును. అడవిలో పొయ్యి వెలిగింపరాదు.

ఈ పనిని పిల్లలకుగూడ పంచుడు. ఒకరు కాగితముపై గురుతు పెట్టుచుండ, మరియొకరు దీపములు వెలుగుచున్నవో లేదో చెప్పవచ్చును. మా యింట ఇప్పుడు స్టెప్నీ గాలి చూచు అధికారము చిన్నవానిది. వాడు సరేయన్న తరువాతనే మా అమ్మగారు చక్రము క్రింద నిమ్మకాయ పెట్టుదురు.