క్యాన్సరు - కణానికి చేరే కబురు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. మీలాగే టెలిఫోన్ శాఖలో సర్వీసు చేసి రిటైరైనవాణ్ణి. 2016లో మా ఆవిడకు ఊపిరితిత్తుల క్యాన్సరని తేలింది. ఆమె పొగ తాగి ఎరుగదు. అప్పుడు తెలుసుకున్న నాలుగు మాటలు మీతో చెప్పుకుంటాను.

మన శరీరంలో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబురు మోసే ప్రోటీన్లలో ఒకటి ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. అమెరికాలో స్టాన్లీ కోహెన్ దీనిని ఎలుకల లాలాజల గ్రంథుల్లో కనుగొన్నారు. ఆ గ్రంథుల సారం ఎక్కిస్తే పసి ఎలుకల కళ్లు మామూలుకన్నా ముందే తెరుచుకున్నాయట! 1986లో ఆయనకూ, రీటా లెవీ మోంటాల్చినికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

కణం పొరమీద రిసెప్టర్, అనగా గ్రాహకం ఉంటుంది. ప్రోటీను వచ్చి దానికి తగులుకోగానే, ఫోను గంట మోగినట్లు, పెరగమని లోపలికి సంకేతం పోతుంది. గాయం మానాలంటే ఇది కావలసిందే. పని కాగానే గంట ఆగాలి. కొన్ని క్యాన్సర్లలో గ్రాహకం జన్యువు మారిపోయి, కబురు రాకపోయినా గంట మోగుతూనే ఉంటుంది. కణాలు ఆగకుండా పెరుగుతాయి.

ఊపిరితిత్తుల క్యాన్సరులో ఈ మార్పును 2004లో గుర్తించారు. పొగ తాగనివారిలో, స్త్రీలలో, ఆసియా వాసుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. గంట ఆపడానికి జెఫిటినిబ్ వంటి మాత్రలున్నాయి. మార్పు ఉన్నవారికే అవి బాగా పనిచేస్తాయి. కనుక ముందు పరీక్ష చేయాలి.

డాక్టరుగారు ఆ పరీక్ష రాస్తే, "ఇంకో ఖర్చా? ముందు మందు మొదలెట్టండి" అని విసుక్కున్నాను. మా అమ్మాయి పట్టుబట్టి చేయించింది. మార్పు ఉందని వచ్చింది. మాత్ర వేసుకున్న కొద్ది వారాలకే దగ్గు తగ్గింది. ఆ సంక్రాంతికి తనే కూర్చుని అరిసెలు వండించింది. తరువాత జబ్బు మందుకు లొంగడం మానేసింది. 2018లో ఆమె వెళ్లిపోయింది. మాత్ర నయం చేయలేదు గాని, మాకు రెండు సంక్రాంతులు మిగిల్చింది. నా మాట నెగ్గి ఉంటే అవీ ఉండేవి కావేమో!

కావున నా మనవి ఒకటే. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బని చెబితే, గ్రాహక పరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి. బయాప్సీ ముక్కను మైనంలో ఉంచి ఇస్తారు. దాన్ని పెన్షన్ కాగితాలంత భద్రంగా దాచండి. మళ్లీ పరీక్షకు అదే ఆధారం.