బిడ్డల మనోవర్తి: లెక్క ఎట్లా కడతారు?



కూలి లెక్క అందరికీ వచ్చు. పాల లెక్క వచ్చు. పొదుపు సంఘంలో వడ్డీ లెక్క కూడా ఇప్పుడు చాలామంది సొంతంగా వేసుకుంటున్నారు. ఈ పూట ఇంకొక లెక్క. భర్త వదిలేసి పోయాడు. పిల్లలు తల్లి దగ్గరే ఉన్నారు. ఆ పిల్లల కోసం తండ్రి నెలనెలా ఎంత ఇవ్వాలి? ఆ సొమ్మునే మనోవర్తి అంటారు. కోర్టు కాగితాల్లో భరణం అని కూడా రాస్తారు.

ఒక తల్లి ఉంది అనుకోండి. ఆమెకు తొమ్మిదేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు. భర్త తాపీ మేస్త్రీ. హైదరాబాదులో పని. రెండేళ్లుగా ఇంటి మొహం చూడలేదు. ఆమె పుట్టిన ఊళ్లోనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని కూలికి పోతున్నది. పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు.

"యాభై వేలు ఇప్పిస్తాం తల్లీ. ఇక మీదట బిడ్డల ఖర్చు అడగనని ఈ కాగితం మీద సంతకం పెట్టు" అన్నారు.

యాభై వేలు! వినడానికి పెద్ద మొత్తమే. కానీ లెక్క వేసి చూడండి. కూతురికి 18 ఏళ్లు నిండాలంటే ఇంకా 9 ఏళ్లు. అంటే 108 నెలలు. కొడుక్కి ఇంకా 14 ఏళ్లు. అంటే 168 నెలలు. రెండూ కలిపితే 276. యాభై వేలను 276తో భాగిస్తే ఒక్కో బిడ్డకు నెలకు 181 రూపాయలు వస్తాయి. రోజుకు 6 రూపాయలు. ఆరు రూపాయలతో ఏ బిడ్డ కడుపు నిండుతుంది?

ఒకవేళ ఆమె తెలియక సంతకం పెట్టినా బిడ్డల హక్కు పోదు. మనోవర్తి బిడ్డల సొమ్ము. దాన్ని రాసిచ్చేయడానికి తల్లికి కూడా అధికారం లేదు.

చట్టం ఏమంటుంది? 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని చోట కొత్త చట్టం వచ్చింది. పేరు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. అందులో 144వ సెక్షన్ ఇదే. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, 144 అన్న అంకె గుర్తుంటే చాలు. ఏ మతం బిడ్డకైనా ఇది వర్తిస్తుంది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు కూడా వర్తిస్తుంది. పూర్వం ఎంత ఉన్నవాడైనా నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వక్కరలేదు అనే హద్దు ఉండేది. 2001లో ఆ హద్దు తీసేశారు.

మరి ఎంత ఇవ్వాలి? "జీతంలో పావు వంతు" అని ఊళ్లో అంటుంటారు. చట్టంలో అట్లాంటి పావు, అర ఏమీ లేవు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో, చేతికొచ్చే జీతంలో నూటికి 25 వంతులు భార్యకు ఇవ్వడం న్యాయమేనని చెప్పింది. ఆ మాటే ఊరూరా పాకింది. నిజానికి జడ్జిగారు చూసేవి రెండు. బిడ్డకు ఎంత అవసరం? తండ్రికి ఎంత శక్తి ఉంది?

అవసరం సంగతి తల్లికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మన తల్లి నోటు పుస్తకం తీసి ఇట్లా రాసుకుంది అనుకోండి. పాలు రోజుకు 30 చొప్పున నెలకు 900. బియ్యం 750. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు 2,200. బడి ఆటో 500. బడి ఫీజు ఏడాదికి 12,000, అంటే నెలకు 1,000. పుస్తకాలు, సంచి ఏడాదికి 2,400, నెలకు 200. బట్టలు, చెప్పులు నెలకు 300. జ్వరాలు, మందులు 250. ఇంటి అద్దె 3,000. ఇంట్లో ముగ్గురు ఉన్నారు కాబట్టి బిడ్డల వంతు 2,000. గ్యాసు, కరెంటులో బిడ్డల వంతు 600. మొత్తం 8,700 రూపాయలు.

ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చును చాలామంది మరిచిపోతారు. దాన్ని పన్నెండుతో భాగించి నెల లెక్కలో కలుపుకోవాలి.

ఇక తండ్రి శక్తి. మేస్త్రీకి రోజుకు 900 కూలి, నెలకు 22 రోజుల పని అనుకుంటే 19,800. అందులో పావు వంతు అంటే 4,950. బిడ్డల ఖర్చేమో 8,700! ఖర్చు రాసి చూపకపోతే ఆ తేడా ఎవరి కంటికీ కనపడదు. అడిగినదంతా కోర్టు ఇస్తుందని కాదు. తండ్రి సొంత ఖర్చు, అతని మీద ఆధారపడిన ముసలి తల్లిదండ్రుల ఖర్చు కూడా చూస్తుంది. తల్లికి చాలినంత సంపాదన ఉంటే ఖర్చును ఇద్దరికీ పంచుతుంది. కూలి చేసుకుంటున్నది కదా అని బిడ్డల మనోవర్తి కొట్టివేయరు.

అతను కోర్టుకు వచ్చి, "పని దొరకడం లేదయ్యా" అనవచ్చు. చాలామంది అదే అంటారు. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కాయకష్టం చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. "బండి వాయిదా కట్టాలి" అని కూడా అంటాడు. బండికి కట్టగలిగినవాడు బిడ్డలకు కట్టలేడా? ఆ వాయిదా రసీదే అతని సంపాదనకు సాక్ష్యం. బ్యాంకు పుస్తకం, పొలం ఉంటే పట్టాదారు పాసు పుస్తకం, తోటి పనివాళ్ల మాట, ఇవన్నీ పనికొస్తాయి.

2020లో సుప్రీంకోర్టు ఇంకొక మంచి పద్ధతి పెట్టింది. భార్యాభర్తలు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పు, ఖర్చు ప్రమాణం చేసి కాగితం మీద రాసి ఇవ్వాలి. దాన్నే అఫిడవిట్ అంటారు. అబద్ధం రాస్తే శిక్ష పడవచ్చు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. మనోవర్తిని అర్జీ పెట్టిన రోజు నుంచే లెక్క కట్టాలి. కేసు రెండేళ్లు నడిచినా ఆ రెండేళ్ల సొమ్మూ రావాలి. అర్జీ పెట్టకుండా గడిచిన రెండేళ్లు మాత్రం ఆ లెక్కలోకి రావు. "ఈ పండక్కి వస్తాడేమో" అని చూస్తూ కూర్చుంటే నష్టపోయేది బిడ్డలే.

అర్జీ పెట్టడానికి హైదరాబాదు పోనక్కరలేదు. ఆమె ఉంటున్న చోటి కోర్టులోనే పెట్టవచ్చు. వకీలుకు డబ్బు లేదా? ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు దగ్గరున్న న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి. 15100కు ఫోను చేసినా చెబుతారు. తీర్పు వచ్చేలోగా బిడ్డలు పస్తులుండకుండా మధ్యంతర భరణం కూడా అడగాలి. అతనికి నోటీసు అందాక సాధ్యమైనంతవరకు 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టంలోనే ఉంది.

కూతురు హైస్కూలుకు వచ్చి ఖర్చు పెరిగితే మనోవర్తి పెంచమని మళ్లీ అడగవచ్చు.

తీర్పు వచ్చాక కూడా కొందరు రెండు నెలలు ఇచ్చి మానేస్తారు. ఏ నెల వచ్చింది, ఏ నెల రాలేదు అన్నది తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. కోర్టు వారంటు వేసి వసూలు చేయిస్తుంది. అప్పటికీ కట్టకపోతే, బాకీపడ్డ ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు వేయవచ్చు. అయితే ఆ నెల సొమ్ము ఇవ్వాల్సిన రోజు నుంచి ఏడాది లోపల అర్జీ పెట్టాలి. ఏడాది దాటితే ఆ నెల బాకీకి ఈ వారంటు దొరకదు.