గొల్లభామల నెలవులు

వానకాలపు రాత్రులలో దీపపు వెలుగునకు వచ్చి గోడపై వ్రాలి, ముందరి కాళ్లు రెండును జోడించి, తల అటునిటు త్రిప్పి మనవంక చూచు పచ్చని పురుగును మనమందరము ఎరుగుదుము. అదియే గొల్లభామ. కొన్ని తావులలో మిడతను కూడ ఈ పేరనే పిలుచుదురు. కాని మిడత గడ్డి తినును. గొల్లభామ సాటి పురుగులను పట్టి తినును. దీని దగ్గరి చుట్టములు మిడతలు కావు; బొద్దింకలును, చెదలును.

ఆ జోడించిన కాళ్లు ప్రార్థనకు గాదు, వేటకు. వాని లోపలి అంచున ముండ్లు వరుసలు తీరియుండును. ఈగ అందుబాటునకు రాగానే రెప్పపాటులో అవి కత్తెరవలె మూసికొనును.

లోకమున సుమారు 2,400 జాతుల గొల్లభామలు కలవు. వీనిలో అధికభాగము ఉష్ణదేశములందే నివసించును. ఏ జాతి నెలవు ఎట్టిదో దాని దేహమే చెప్పును. చెట్ల బెరడుపై తిరుగాడునది చదునైన మేనితో, బెరడు రంగున నుండును. గడ్డిలో బ్రతుకునది గడ్డిపోచవలె సన్నగా సాగియుండును. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారులలోనిది గులకరాయివలె పొట్టిగా నుండి నేలపై పరుగిడును. మలేషియా అడవులలోని యొక జాతి తెలుపు, గులాబి వన్నెలతో పూవును పోలియుండి, తేనెకై వచ్చు కీటకములనే ఆహారముగా గొనును. మన దక్షిణ భారతమునను శ్రీలంకలోను పుల్లవంటి మెడయు, ఎండుటాకులవంటి అంగములును గల జాతి యొకటి కలదు.

ఇట్లు నెలవునకు తగినట్లు రూపొందిన ప్రాణి పరదేశము చేరిన నేమగును? న్యూజిలాండులో స్వదేశపు గొల్లభామ జాతి యొక్కటే. దక్షిణాఫ్రికా జాతి యొకటి 1978లో అక్కడి ఆక్లండు నగరమున కానవచ్చినది. స్వదేశపు మగపురుగులు ఈ పరదేశపు ఆడుపురుగుల వాసనకు ఆకర్షింపబడి, వానిని చేరి, వానికే ఆహారమగుచున్నవని 2013లో పరిశోధకులు వెల్లడించిరి. 

గొల్లభామ రైతునకు మిత్రమా యని అడుగుదురు. పైరును తిను పురుగును అది పట్టును, తేనెటీగనును పట్టును. దానికి మన లాభనష్టములు తెలియవు. కావున ఒక్క గొల్లభామను నమ్మి చీడలనుండి పైరు దక్కునని తలపరాదు. అయినను గట్టుమీది జీవుల కూటమిలో అదియు నొక వేటకత్తె. విచ్చలవిడిగా మందు చల్లినచో చీడతోపాటు ఆ వేటకత్తెయు నశించును.

కంచెలోని రెమ్మలకు గట్టిపడిన నురుగుముద్ద వంటిది అంటియుండుట మనము చూచుచుందుము. అది గొల్లభామ గ్రుడ్లతిత్తి. అందు పదులకొలది, ఒక్కొకప్పుడు వందకు మించియు గ్రుడ్లుండును. కంచె నరకునపుడు ఆ రెమ్మను విడిచిపెట్టుదము. దూరదేశమునకు కొనిపోవలదు, పెరికి పారవేయవలదు. ఉన్నచోట ఉండనిచ్చుటయే దానికిని, మన పొలమునకును మేలు.