మందునకు పరీక్ష, రోగికి రక్షణ

మందు మంచిదో కాదో మనము సాధారణముగా ఒకే విధముగా నిర్ణయింతుము. పొరుగింటివారికి గుణమిచ్చినదని వినగానే మనమును కొని తెచ్చుకొందుము. ఐతే అనేక వ్యాధులు మందు పుచ్చుకొన్నను, పుచ్చుకొనకున్నను కొన్ని దినములకు తగ్గిపోవును. తగ్గుటకు ముందురోజున మనము ఏమి మ్రింగితిమో దానికే ఆ కీర్తి దక్కును. అనుభవజ్ఞుడైన వైద్యుడు సైతము ఇట్లే భ్రమపడుట కలదు. ఈ భ్రమను తొలగించుటకు ఏర్పడిన పద్ధతియే చికిత్సా పరీక్ష. దీనినే క్లినికల్ ట్రయల్ అందురు.

పద్ధతి చాల సులభమైనది. ఒకే జబ్బుతో ఉన్న రోగులను రెండు జట్లుగా విభజింతురు. ఒక జట్టునకు మామూలు వైద్యముతో పాటు, పరీక్షింపవలసిన మందును గూడ ఇత్తురు. రెండవ జట్టునకు మామూలు వైద్యము మాత్రమే జరుపుదురు. పిమ్మట ఏ జట్టులో ఎందరు కోలుకొన్నారో లెక్కింతురు. ఎవరు ఏ జట్టులో చేరవలెనో వైద్యుడు నిర్ణయింపరాదు. చీటీలు వేసినట్లుగా కంప్యూటరు నిర్ణయించును. వైద్యునికే విడిచినచో, ఆయన తనకు తెలియకుండగనే ఆశ ఉన్నవారికి మందిచ్చి, తక్కినవారిని విడిచిపెట్టవచ్చును. అప్పుడు గెలిచినది మందో, రోగి దేహబలమో తేలదు.

ఇట్టి పరీక్షకు పూచీపడు సంస్థను స్పాన్సరు అందురు. ధనమిచ్చుట వేరు, పూచీపడుట వేరు. పరీక్ష సక్రమముగా నడచుటకు, రోగుల క్షేమమునకు, లెక్కల నిజాయితీకి జవాబు చెప్పవలసినది స్పాన్సరే. క్రొత్త మందుల విషయమున ఈ భారమును సాధారణముగా వాటిని తయారుచేయు కంపెనీయే వహించును. మందు నెగ్గినచో దానికి లాభము కలదు. కాని పేటెంటు గడువు తీరి, చౌకగా దొరకు పాత మందొకటి మరియొక జబ్బునకు పనికివచ్చునేమో యని విచారించుటకు ఏ వర్తకుడు ఉత్సాహపడును? అట్టి ప్రశ్నలను విశ్వవిద్యాలయములే చేపట్టవలసి యున్నది.

ఇందుకు గొప్ప నిదర్శనము ఇంగ్లండులో కోవిడ్ నాడు కనబడినది. 2020 మార్చిలో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము స్పాన్సరుగా ‘రికవరీ’ అను పరీక్ష ఆరంభమైనది. ఆచార్యులు పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే దీనిని నడిపించిరి. ధనము ముఖ్యముగా బ్రిటిషు ప్రభుత్వ పరిశోధనా సంస్థలు సమకూర్చినవి. అందు పరీక్షించిన మందులలో డెక్సామెథసోన్ ఒకటి. అది దశాబ్దములుగా వాడుకలో ఉన్న చౌక మందు. ఊపిరితిత్తుల వాపును తగ్గించి ప్రాణము నిలుపునని కొందరు వైద్యులు, దేహము యొక్క రక్షణశక్తిని అణచి వ్యాధికే బలమిచ్చునని మరికొందరు వాదించిరి. వాదము వలన తేలలేదు. లెక్క వలన తేలినది.

2,104 మందికి ఆ మందునిచ్చి, 4,321 మందికి మామూలు వైద్యము జరిపి, 28 దినములు గమనించిరి. కృత్రిమ శ్వాసయంత్రముపై ఉన్నవారిలో, మామూలు వైద్యమున నూటికి 41 మంది మరణింపగా, మందు పొందినవారిలో 29 మంది మరణించిరి. ఆక్సిజన్ మాత్రము అవసరమైనవారిలో ఆ సంఖ్య 26 నుండి 23కు దిగినది. ఆక్సిజన్ అవసరము లేనివారికి మేలేమియు కనబడలేదు. కీడు జరుగవచ్చునను శంక మాత్రము మిగిలినది. అనగా ఎవరికి ఇవ్వవలెనో, ఎవరికి ఇవ్వరాదో గూడ తెలిసినది. 2020 జూన్ 16న ఈ సంగతి లోకమునకు వెల్లడియైనది. అదే పరీక్షలో, ఎందరో గట్టిగా నమ్మిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మరణములను తగ్గించలేదని తేలినది. పనికిరాని మందును పనికిరానిదని తెలిసికొనుటయు లాభమే.

“నా ప్రాణము మీద చీటీలు వేయుదురా?” అని రోగి అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. రెండు మార్గములలో ఏది మేలో వైద్యలోకమునకు నిజముగా తెలియనప్పుడు మాత్రమే ఇట్టి పరీక్ష ధర్మసమ్మతమగును. తెలిసియు చీటీ వేయుట అపచారము. తెలియకయే తెలిసినట్లు మందిచ్చుటయు చీటీ వేయుట వంటిదే. అందు లెక్క వ్రాసికొనువాడు లేడు, అంతే భేదము.

కావుననే కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. నీతి సంఘము ముందుగా అనుమతింపవలెను. రోగికి సంగతి అంతయు అతని భాషలో విశదపరచి సమ్మతి పొందవలెను. రోగి చెప్పలేని స్థితిలో ఉన్నచో చట్టము అనుమతించిన ప్రతినిధిని అడుగవలెను. ఇష్టము లేనివారు ఎప్పుడైనను విరమించుకొనవచ్చును. అందువలన వారి మామూలు వైద్యమునకు లోపము రాకూడదు. మన దేశమున 2009 జూన్ నుండి ఔషధ పరీక్షలను ఆరంభమునకు ముందే జాతీయ రిజిస్టరులో నమోదు చేయవలెనను నియమము కలదు. దానిని ఎవరైనను చూడవచ్చును.

మిమ్ములనుగాని, మీ ఇంటివారినిగాని అట్టి పరీక్షలో చేరుమని ఎవరైనను కోరినచో, భయపడవలదు, తొందరపడనువలదు. స్పాన్సరు ఎవరు, నీతి సంఘము అనుమతించినదా, కీడు జరిగినచో చికిత్సకు, పరిహారమునకు పూచీ ఎవరిది, అని అడుగుడు. కాగితమును ఇంటికి తెచ్చుకొని నలుగురితో ఆలోచించి సంతకము చేయుడు. కాదనుటకును మీకు హక్కు కలదు. ఔనన్నచో, మీకు మేలు కలిగినను కలుగకున్నను, మీ తరువాత అదే మంచము మీదికి వచ్చు రోగికి ఏ మందు ఇవ్వవలెనో వైద్యునికి తెలియజేసినవారగుదురు.