తప్పు లెక్క చెప్పిన సంగతి



ఈ శతాబ్ది సభలో మన పాఠశాలలను గూర్చి మాట్లాడుమని పెద్దలు మమ్మును కోరినారు. కట్టడముల సంగతి, పిల్లల సంఖ్య సంగతి ఇతరులు చెప్పియున్నారు. ఉపాధ్యాయులమైన మేము ఒక తీసివేత లెక్కను గూర్చి చెప్పెదము.

ఏటేట పరీక్షలైన తరువాత మార్కుల రిజిస్టరు ముందు పెట్టుకొని కూర్చుండుట మాకు అలవాటు. ఎందరు తప్పినారో రిజిస్టరు చెప్పును, ఎందుకు తప్పినారో చెప్పదు. ఆ ఖాళీని మేమే నింపుచు వచ్చినాము. ఇంట్లో చదివించువారు లేరు, పిల్లవాడు మొద్దు అని తల్లిదండ్రులను పిలిచి ముఖముననే అన్నాము. మీలో కొందరు ఆ మాట విన్నవారే.

ఒక సంవత్సరము మూడవ తరగతి జవాబు పత్రములను కట్టిపెట్టక, అందరము కూర్చుండి చదివినాము. 52లో 27 పోగా 25 రావలెను. చాలామంది 35 అని వ్రాసినారు. 83లో 46 పోగా 43 అన్నారు. లెక్క రానివాడు ఒక్కొక్కసారి ఒక్కొక్క తప్పు చేయును. వీరందరిదీ ఒకే తప్పు. ఒక పాపను పిలిచి, “ఎట్లు చేసితివమ్మా?” అని అడిగినాము. “చిన్నదానిని పెద్దదానిలోనుండి తీయాలని మీరే చెప్పారు గదండీ!” అన్నది. 2లో 7 పోదు గనుక 7లో 2 తీసినది. ఆ మాట రెండవ తరగతిలో మేము నేర్పినదే.

చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి పాఠము మరల చెప్పినాము. ఒకరు చెప్పుచుండగా మిగిలినవారము వెనుక కూర్చుండి, పంతులుగారిని గాక పిల్లల చేతులను చూచినాము. జపాను దేశపు ప్రాథమిక పాఠశాలలలో ఈ పద్ధతి నూరేండ్లకు పైగా ఉన్నది. ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ అను విద్యావేత్త, తన బోధనను పరిశోధించుట ఉపాధ్యాయుని పనియేనని 1975లో వ్రాసినాడు. చెప్పుట సులభమే. ఇరువది ఏండ్లు పాఠము చెప్పినవారికి తోటివారు వెనుక బల్లమీద కూర్చున్నయెడల చెమట పట్టును. ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన దినమే నయమనిపించును!

మొదటిసారి పాఠము ఫలించలేదు. కట్ట విప్పి పుల్లలు సరిగానే లెక్కించిన పిల్లలు, పలకమీదికి వచ్చుసరికి మరల 35 వేసినారు. అప్పుడు, కట్ట విప్పిన వెంటనే ఆ మార్పును పలకమీద వ్రాయించి రెండవ సెక్షనులో చెప్పినాము. నెల తరువాత అవే తరహా లెక్కలిచ్చి చూడగా తప్పులు చాలవరకు తగ్గినవి. కొందరికి ఇంకను రాలేదు. రెండవ తరగతిలో చెప్పు ఆ మాటను మాత్రము మార్చుకొన్నాము.

మొద్దు అన్న పిల్లల ఇండ్లకు వెళ్లి, లోపము మా బోధనలో ఉన్నదని చెప్పినాము. ఒక తండ్రి అంతయు విని, “మరి మీ మాట మీద బడి మానిపించిన మా పెద్దవాడి సంగతేమిటండీ?” అని అడిగినాడు. మేము జవాబు చెప్పలేకపోయినాము.

ఇప్పుడు శుక్రవారము సాయంకాలము బడి వదిలిన తరువాత ఒక గంట కూర్చుండుచున్నాము. ఆ గంట ఇతర కార్యక్రమములకు మమ్మును పిలువవద్దని సంఘమునకు మనవి. మీ పిల్లల పాత నోటుపుస్తకములు చిత్తుకాగితములకు అమ్మక మాకు పంపుడి. ప్రస్తుతము ఐదవ తరగతి భిన్నములు చూచుచున్నాము. 1/2కు 1/3 కలిపి 2/5 అని వ్రాయుచున్నారు. ఇందులో మేము చెప్పిన మాట ఏదైన ఉన్నదా అని వెదకుచున్నాము.